కలోనియల్ దుకాణం బల్ల మీద బట్టలు తక్కువ, బట్టల్ని పట్టి ఉంచేవి ఎక్కువ

మీరు అడిగింది ఇది. మీ అమ్మాయి వర్జీనియాలో ఐదో తరగతి చదువుతోంది. అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్ని గుర్తుచేసుకునే బడి ‘కలోనియల్ డే’కి తన గ్రూపు ఒక దుకాణం పెట్టి, ఆ కాలం వాళ్లు రోజూ ఒంటి మీద వాడుకున్న చిన్నచిన్న దుస్తుల సామాను చూపించాలి. ఏవి పెట్టాలి, ఏవి పెడితే తప్పవుతుంది, మన దేశపు సరుకు నిజంగా అక్కడ అమ్మేవారా అన్నది మీ ప్రశ్న. ఇక్కడే ఒక చరిత్ర మ్యూజియంలో ఆ కాలపు దుస్తులు కుట్టే విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు, హ్యాంగర్లకి గౌన్లు తగిలించే ఆలోచన ఉంటే మానేయండి. ఆ దుకాణాల్లో ఆడవాళ్ల గౌన్లు రెడీమేడ్‌గా దొరికేవి కావు. గుడ్డ కొనుక్కుని వెళ్లి ఇంట్లోనో, కుట్టుపని చేసేవాళ్ల దగ్గరో కుట్టించుకునేవారు. రెడీమేడ్ అసలే లేదని కాదు. నావికులకీ కూలీలకీ ముతక చొక్కాలు, నిక్కర్లు, పైన కప్పుకునే క్లోకులు, నడుముకి బిగించే స్టేస్ లాంటివి వచ్చేవి. కానీ దుకాణంలో అరల నిండా ఉన్నవి ఒకటి గుడ్డ తానులు, రెండోది ఆ గుడ్డని ఒంటి మీద నిలబెట్టే సామాను: గుండుసూదులు, నాడాలు, బకిల్సు, గుండీలు, రిబ్బన్లు, రుమాళ్లు, మేజోళ్లు, టోపీలు. మీ స్టాల్ ఈ రెండో రకం మీద నడిపించండి. ఖర్చూ తక్కువ, చరిత్రకీ దగ్గర.

కాలం కూడా ఒకటి ఎంచుకోండి. వర్జీనియాలో ఇంగ్లీషువాళ్ల మొదటి ఊరు జేమ్స్‌టౌన్ 1607లో మొదలైంది, స్వాతంత్ర్య ప్రకటన 1776లో. ఈ నూట డెబ్బై ఏళ్ల ఫ్యాషన్లని ఒకే బల్ల మీద కలిపితే కిచిడీ అవుతుంది. 1760, 1770ల వర్జీనియా అనుకోండి, ఆ కాలానికి ఆధారాలు బోలెడున్నాయి. అప్పట్లో అక్కడి దుకాణాల్లో చాలా భాగం స్కాట్లండ్‌లోని గ్లాస్గో పొగాకు కంపెనీలవి. జాన్ గ్లాస్‌ఫర్డ్ కంపెనీ తరఫున అలెగ్జాండర్ హెండర్సన్ అనే ఏజెంటు ఆకొక్వాన్ నది ఒడ్డున కోల్చెస్టర్ ఊళ్లో దుకాణం నడిపాడు. ఆ కంపెనీ ఖాతా పుస్తకాలు ఇప్పటికీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. విలియమ్స్‌బర్గ్ వెళ్తే 1740 నాటి ప్రెంటిస్ స్టోర్ ఇటుక భవనం కూడా చూడండి. ఇరవయ్యో శతాబ్దంలో కొన్నాళ్లు అందులో పెట్రోలు బంకు నడిచింది, ఆ పుణ్యానే కూల్చకుండా మిగిలిందంటారు.

ఇక సామాను. నన్నడిగితే మీ బల్ల మీద మధ్యలో ఉండాల్సింది గుండుసూదులు. ఇప్పుడు గుండుసూది అంటే టైలరు పెదాల మధ్య పెట్టుకునే వస్తువు. అప్పుడు అది దుస్తుల్లో భాగం. ఆడవాళ్ల గౌనుకి ముందువైపు గుండీలు ఉండేవి కావు. రెండు అంచుల్ని ఎదురెదురుగా తెచ్చి, లోపలున్న గట్టి స్టేస్‌కి పట్టేలా పైనుంచి కిందికి వరుసగా గుండుసూదులు గుచ్చేవారు. గుచ్చుకోదా అని ప్రతి బడి పిల్లా అడుగుతుంది. గుచ్చుకోదు. సూదిని అడ్డంగా, గుడ్డలోంచి పైకి ఒకసారి, కిందికి ఒకసారి పోనిచ్చి, మొనని స్టేస్ మందపాటి పొరల మధ్య దాచేస్తారు. అలవాటైన చేతికి రెండు నిమిషాల పని. మెడ చుట్టూ రుమాలు, ఏప్రన్ పై అంచు, తల మీద టోపీ రిబ్బను, పసిపిల్లల పొత్తిగుడ్డలు కూడా వీటితోనే నిలిచేవి.

ఇత్తడి తీగ సాగదీసి, ముక్కలు కోసి, మొన నూరి, ఇంకో సన్నటి తీగని తలకి చుట్టి నొక్కి, పైన తగరం పూత వేసేవారు. అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ 1776లో ఈ పని దాదాపు పద్దెనిమిది దశలుగా విడిపోయిందనీ, పదిమంది పంచుకుని చేస్తే రోజుకి 48,000 సూదులు తయారవుతాయనీ రాశాడు. ఆ పదిమందీ ఇంగ్లండ్‌లో ఉన్నారు, కొనేవాళ్లు సముద్రానికి ఇవతల ఉన్నారు. బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం మొదలవగానే ఏమైందో అబిగైల్ ఆడమ్స్ ఉత్తరంలో తెలుస్తుంది. 1775 జూన్‌లో ఆవిడ మసాచుసెట్స్‌లోని ఇంటి నుంచి, ఫిలడెల్ఫియాలో కాలనీల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ సమావేశాల్లో ఉన్న భర్త జాన్ ఆడమ్స్‌కి రాస్తూ, ఎలాగైనా ఒక కట్ట గుండుసూదులు కొని పెట్టెలో వేసుకుని రమ్మని అడిగింది. కట్టకి ఆరు వేల సూదులు. ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలకి దొరికేవి ఇప్పుడు ఇరవై షిల్లింగులిచ్చినా దొరకడం లేదని ఆవిడ బాధ. దేశం పుట్టబోతున్న హడావుడిలో భర్త ఉంటే ఈవిడకి గుండుసూదుల టెన్షన్ ఏమిటని నవ్వకండి. గుండుసూది లేకపోతే గౌను ముందు తెరుచుకునే ఉంటుంది.

మీకు చేతనైతే మామూలు స్టీలు గుండుసూదుల్ని నీలం కాగితం మీద వరుసగా గుచ్చి పెట్టండి. రంగురంగుల ప్లాస్టిక్ తల ఉన్నవి వద్దు. పిన్నీసులు, అంటే సేఫ్టీ పిన్నులు, అసలే వద్దు. న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ వాటికి పేటెంట్ తీసుకున్నది 1849లో.

తర్వాత నాడాలు. లినెన్‌వి, ఊలువి, సన్నవి, వెడల్పువి, చుట్టలు చుట్టి పెట్టండి. లంగా కట్టుకోవాలన్నా, ఏప్రన్ కట్టుకోవాలన్నా నాడానే. మేజోళ్లు జారకుండా మోకాలి కింద గానీ పైన గానీ కట్టే గార్టర్ కూడా అల్లిన పట్టీయే, ఎలాస్టిక్ కాదు. ఎలాస్టిక్ 1820 తర్వాతి మాట. బడికి వచ్చే పిల్లల్లో నూటికి తొంభై మంది షవర్ క్యాప్‌లా ఎలాస్టిక్ వేసిన తెల్ల టోపీలు పెట్టుకుని వస్తారు చూడండి, నాకు అది చూస్తే చిరాకు. అసలు టోపీకి వెనక మెడ దగ్గర ఒక సన్న నాడా దూర్చి ముడి వేస్తారు, ముందువైపు లినెన్‌ని కుచ్చుళ్లు పెట్టి కుడతారు. అమ్మాయికి అలాంటిది కుట్టించండి, గంటన్నర పని.

నాడాతో కట్టుకునే మరో వస్తువు జేబు. ఆడవాళ్ల జేబు గౌనుకి కుట్టి ఉండేది కాదు. మన నాయనమ్మల బొడ్డుసంచిలాగే నడుముకి విడిగా కట్టుకునేవారు, కాకపోతే లంగా కింద. పైలంగాకి పక్కన చీలిక ఉంటుంది, అందులోంచి చెయ్యి పెట్టి తాళాలో చిల్లరో తీసుకోవాలి. ఇవి ఎక్కువగా ఇంట్లో కుట్టుకున్నవే. కాబట్టి మీ స్టాల్‌లో అమ్మకానికి కాదు, అమ్మాయి నడుముకి ఉండాలి.

మగవాళ్ల వైపు గుండుసూది చేసే పని బకిల్ చేసేది. చెప్పులకి, అంటే షూస్‌కి బకిల్, మోకాలి దగ్గర నిక్కరు అంచుకి బకిల్, మెడకి బిగించే స్టాక్ వెనకాల బకిల్. చెప్పు బకిల్ ఎలా పనిచేస్తుందో పిల్లలకి చూపిస్తే చాలా ఇష్టపడతారు. ఆ కాలపు చెప్పుకి మడమ వైపు నుంచి రెండు తోలు పట్టీలు పాదం పైకి వస్తాయి. బకిల్ చెప్పుకి కుట్టి ఉండదు, విడి వస్తువు. దాని వెనక అటూ ఇటూ తిరిగే చిన్న ఇనుప ముక్క ఉంటుంది. దాని ఒక పక్క ముళ్లు కింది పట్టీలోకి దిగుతాయి, రెండో పక్క నాలుకలు పై పట్టీని పొడిచి పట్టుకుంటాయి. అంటే చెప్పు అరిగిపోతే బకిల్ ఊడదీసి కొత్త చెప్పుకి పెట్టుకోవచ్చు. పైగా అప్పటి చెప్పులకి కుడి ఎడమ తేడా లేదు, రెండూ ఒకే అచ్చు మీద చేసేవారు, కాళ్లు మార్చి తొడిగితే సమానంగా అరుగుతాయని.

బకిల్సు ఎక్కువగా బర్మింగ్‌హామ్ సరుకు. ఇత్తడి, ఉక్కు, బంగారంలా మెరిసే పించ్‌బెక్ అనే రాగి-జింకు మిశ్రమం, డబ్బున్నవాళ్లకి వెండి, ఇంకా షోకు కావాలంటే గాజు రాళ్లు పొదిగినవి. 1790ల మొదట్లో ఫ్యాషన్ చెప్పు తాళ్ల వైపు తిరిగేసరికి ఇంగ్లండ్ బకిల్ పనివాళ్లు మా పొట్ట కొట్టకండి మహాప్రభో అని యువరాజుకే అర్జీ పెట్టుకున్నారు. అది వేరే కథ.

గుండీల గురించి ఒక్క ముక్క. మగవాళ్ల కోటుకి, వెయిస్ట్‌కోటుకి డజన్ల లెక్కన పట్టేవి. చాలామటుకు దిగుమతే. ఫిలడెల్ఫియాలో కాస్పర్ విస్టార్ కుటుంబం చేసే ఇత్తడి గుండీలు మాత్రం ఇక్కడే తయారై బాగా అమ్ముడుపోయేవి. మీరు చెక్క ముక్కకి దారం చుట్టిన గుండీలు, ఎముక గుండీలు పెట్టండి, నాలుగు కన్నాల ప్లాస్టిక్ చొక్కా గుండీలు తీసేయండి.

ఇక మీ మూడో ప్రశ్న, మన సరుకు. అమ్మేవారండీ, బాగా అమ్మేవారు. ఇక్కడ నేను కాస్త ఎక్కువ సేపు ఆగుతాను.

రుమాలు అంటే ముక్కు తుడుచుకునే చిన్న గుడ్డ అనుకోకండి. గజం దరిదాపు చదరం, మూలకి మడిచి త్రికోణం చేసి మెడ చుట్టూ వేసుకునేది. ఆడవాళ్లకి గౌను మెడ లోతుగా ఉంటుంది కాబట్టి ఎండకీ చలికీ మర్యాదకీ అదే ఆధారం. పనిచేసే మగవాళ్లూ మెడకి కట్టుకునేవారు. తెల్ల లినెన్, గళ్ల లినెన్, పట్టు, నూలు అన్నీ దొరికేవి. అప్పటి అమెరికా పత్రికల ప్రకటనల్లో రుమాళ్ల పేర్లు చదువుతుంటే మన సముద్ర తీరం వెంబడి బస్సులో వెళ్తున్నట్టుంటుంది. పులికాట్ రుమాళ్లు, లుంగీ రుమాళ్లు, బందనాలు. బందనా బెంగాలు పట్టు, ముడులు వేసి అద్దిన చుక్కలది. నశ్యం పీల్చేవాళ్లకి మరకలు కనబడవని అదంటే ప్రాణం. పులికాట్ రుమాలు కోరమాండల్ తీరం నూలు నేత, ముదురు రంగు గళ్లు. పులికాట్ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉన్నా సరస్సు చాలావరకు మనదే. డచ్చివాళ్లు అక్కడ కోట కట్టుకుని వ్యాపారం చేశారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో 1611లోనే దిగింది. చీరాల పక్కన వేటపాలెం పేరుతో కూడా కంపెనీ వర్తకంలో ఒక రకం రుమాళ్లు చలామణీ అయ్యాయి, వాళ్ల నోట అది ‘వెంటపాలెం’. ఈ తీరం ఎరుపుకి అంత పేరు రావడానికి కారణం చిరువేరు అనే మొక్క వేరు. దానితో అద్దిన ఎరుపు ఉతికినా వెలిసేది కాదు. అప్పటి యూరప్ నూలు అద్దకానికి అది అంత సులువుగా అందలేదు.

అక్కడి నుంచి వర్జీనియాకి నేరుగా ఓడ లేదు. చట్టం ప్రకారం సరుకంతా లండన్ మీదుగానే రావాలి. కంపెనీ వేలంపాటలో టోకు వర్తకులు కొని, వాళ్ల నుంచి గ్లాస్గో కంపెనీల చేతికి, వాళ్ల ఓడలో పొగాకు రేవుకి. ఇందులో ఒక తమాషా ఉంది. ఇంగ్లండ్‌లో ఊలు, పట్టు నేతగాళ్ల గోల భరించలేక పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా అద్దకపు నూలు గుడ్డల మీద నిషేధం పెట్టింది. లండన్ ఆడది మచిలీపట్నం చింట్జ్ అనే అద్దకపు గుడ్డ గౌను వేసుకుంటే జరిమానా. అదే గుడ్డని తిరిగి ఎగుమతి చేస్తే మాత్రం తప్పులేదు. కాబట్టి ఇంటి దగ్గర నిషేధించిన సరుకుని కాలనీల మీదికి తోలారు. వర్జీనియా రైతు భార్య చట్టబద్ధంగా వేసుకున్నది లండన్ దొరసానికి నేరం. 1780ల్లో గ్లాస్గో మగ్గాల మీద పులికాట్ నకళ్లు నేయడం మొదలయ్యాక మన నేతగాళ్లకి ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు.

అమ్మాయి మెడకి రుమాలు ఎక్కడ తేవాలా అని వెతకొద్దు. ఇంట్లో నూలు గళ్ల లుంగీ, ఎరుపు-నీలం-తెలుపుది ఉంటే ముప్పై అంగుళాల చదరం కత్తిరించి అంచు సన్నగా మడిచి చేత్తో కుట్టండి. పాలియెస్టర్ కలిసింది అయితే మెడ మీద నిలవదు, జారిపోతుంది. మామిడి పిందెల బందనా మాత్రం కొనకండి, అది తర్వాతి కాలానిది.

టోపీల గురించి చెప్పకపోతే స్టాల్ సగమే. మగవాళ్ల నల్ల టోపీ మంచిదైతే బీవర్ బొచ్చుతో, చవకదైతే గొర్రె ఊలుతో చేసిన ఫెల్ట్. బీవర్ ఉన్నది అమెరికా అడవుల్లో. బొచ్చు ఇంగ్లండ్ వెళ్లి, టోపీ అయి, తిరిగి ఇక్కడి దుకాణానికి వచ్చేది. ఇక్కడే చేసుకుంటే పోలేదా అంటే, చేస్తున్నారనే 1732లో హ్యాట్ యాక్ట్ తెచ్చారు. ఒక కాలనీలో చేసిన టోపీని ఇంకో కాలనీకి కూడా పంపకూడదు, ఒక్కో పనివాడు ఇద్దరికి మించి శిష్యుల్ని పెట్టుకోకూడదు, నల్లవాళ్లకి ఆ పని నేర్పకూడదు. ఐదో తరగతి పిల్లలకి బ్రిటన్ మీద కోపం ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే బోస్టన్ రేవులో పారబోసిన టీ పెట్టె కంటే ఈ టోపీ బాగా పనికొస్తుంది, నా అభిప్రాయం.

ఆడవాళ్ల గడ్డి టోపీలు, లేసులు, విసనకర్రలు, మంచి రకం తొడుగులు విలియమ్స్‌బర్గ్‌లో మార్గరెట్ హంటర్ లాంటి మిల్లినర్ల దగ్గర ఎక్కువ. పల్లె దుకాణంలో వేళ్లు బయటికుండే మిట్స్, మామూలు తోలు గ్లౌజులు చాలు. గ్లౌజుల పిచ్చి చూడాలంటే బోస్టన్ వైపు వెళ్లాలి. అక్కడ చావుకి వచ్చినవాళ్లకి గ్లౌజులు పంచడం ఆనవాయితీ. ఆండ్రూ ఎలియట్ అనే పాస్టరుకి ముప్పై రెండేళ్లలో చావులకీ పెళ్లిళ్లకీ కలిపి మూడు వేలకి కాస్త తక్కువ జతలు వచ్చాయి, ఆయన వాటిని ఎంచక్కా అమ్ముకున్నాడు. 1774లో కాంటినెంటల్ కాంగ్రెస్ బ్రిటిష్ సరుకు బహిష్కరణ ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంది: చావులకి గ్లౌజులు, స్కార్ఫులు పంచడం బంద్, సంతాపానికి మగవాళ్లు చేతికో టోపీకో నల్ల రిబ్బను కడితే చాలు.

వర్జీనియా అంతకుముందే, 1769 మేలో, గవర్నరు శాసనసభని రద్దు చేస్తే సభ్యులు పక్కనే ఉన్న రాలీ టావెర్న్‌కి నడిచి వెళ్లి కొనకూడని సరుకుల జాబితా రాశారు. అందులో జార్జ్ వాషింగ్టన్ కూడా ఉన్నాడు. రిబ్బన్లు, లేసులు, టోపీలు, చెప్పులు, మేజోళ్లు, మసాలా దినుసులు తప్ప ఇండియా సరుకంతా. ఆ జాబితా ప్రింట్ తీసి స్టాల్ వెనక అంటించండి. మీ బల్ల మీదున్నవి సగం అందులో కనబడతాయి.

అదే జాబితాలో మేజోళ్ల పక్కన ఒక మినహాయింపు ఉంది: ఐరిష్ మేజోళ్లు, ప్లెయిడ్ మేజోళ్లు తెచ్చుకోవచ్చు. ప్లెయిడ్ మేజోళ్లు అల్లినవి కావు, ముతక గుడ్డని కోసి కుట్టినవి. దొరలు వాటిని తాము తొడుక్కోవడానికి కాదు, తమ బానిసలకి ఇవ్వడానికి టోకున కొనేవారు. ఆస్నబర్గ్ అనే ముతక లినెన్ కూడా అంతే. బడి స్టాళ్లలో ఈ భాగం చాలామంది దాటేస్తారు, దయచేసి మీరు దాటకండి. పారిపోయిన బానిసల్ని పట్టిమ్మని వర్జీనియా గెజెట్ పత్రికలో వేసిన ప్రకటనల వల్లే వాళ్లు ఏం వేసుకున్నారో ఇవాళ మనకి ఇంత వివరంగా తెలుసు: చొక్కా ఏ గుడ్డ, మేజోళ్లు ఏ రకం, టోపీ ఎలాంటిది. వాళ్లు కూడా కొనుగోలుదారులే. న్యూ లండన్ అనే కొండ ప్రాంతపు ఊళ్లో జాన్ హుక్ దుకాణం ఖాతాలో, 1770ల్లో, సకీ అనే బానిస స్త్రీ పత్తి ఇచ్చి ఒక అద్దం కొన్నట్టు ఉంది. ఐదో తరగతి పిల్లలకి ఇది అర్థమవుతుంది, నేను చెప్పి చూశాను. వాళ్లడిగే మొదటి ప్రశ్న, పత్తి ఆమెకి ఎక్కడిది అని. చాలామంది బానిసలకి రాత్రిళ్లు, ఆదివారాలు సొంతంగా సాగు చేసుకోవడానికి చిన్న తోటచెక్కలు ఉండేవి.

చివరగా, డబ్బు పెట్టె పెట్టకండి. నాణేలు చాలా కరువు, ఉన్నవాటిలోనూ స్పానిష్ డాలర్లే ఎక్కువ. అన్నీ ఖాతా మీదే. పెద్ద పుస్తకం ఒకటి, ఎడమ పేజీలో తీసుకున్నది, కుడి పేజీలో ఇచ్చింది. ఇచ్చేది ఎక్కువగా పొగాకే, లేదా గోదాములో పొగాకు జమచేస్తే ఇచ్చే రసీదు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను అని బోర్డు రాసి పెట్టండి, కూడికల్లో పిల్లలు తికమకపడి భలే ఆనందిస్తారు. పెళ్లైన ఆవిడ వస్తే ఖాతా భర్త పేరున రాయాలి, విధవరాలైతే ఆమె పేరునే రాయొచ్చు. ఈ నియమం చెప్పగానే మీ అమ్మాయి క్లాసులో ఆడపిల్లలు కచ్చితంగా గొడవ చేస్తారు. చెయ్యనివ్వండి. ఖాతా పేజీ గీతలు, టోపీ కొలతలు కావాలంటే కింద అడగండి, వారాంతంలో ఫొటో తీసి పెడతాను.